ఇంట్లో పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందా? తక్కువ ఖర్చుతో వేగం పెంచే పద్ధతి, వరుసగా

"సిస్టమ్ బాగా స్లో అయిపోయింది. ఫార్మాట్ కొట్టించమంటారా, కొత్తది కొనమంటారా?" చుట్టాల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. చాలాసార్లు రెండూ అక్కర్లేదు. అసలు ఎక్కడ నెమ్మదిస్తోందో చూడకుండా డబ్బు పెట్టడమే అసలు పొరపాటు. ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

ఉదాహరణకు మా బావగారింట్లో డెస్క్‌టాప్ చూద్దాం. ఇంటెల్ కోర్ ఐ3, 4వ తరం. 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. మన ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్నవి ఎక్కువగా ఈ రకమే. దీన్ని ఒక షాపుకు తీసుకెళ్తే "మదర్‌బోర్డు పాతదైపోయింది, మార్చేయాలి" అన్నారట. మదర్‌బోర్డు శుభ్రంగా ఉంది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

కింద చెప్పినవి ఇదే వరుసలో చేయండి. వరుస మారిస్తే డబ్బులైనా పోతాయి, ఫొటోలైనా పోతాయి.

1. గడియారం పెట్టి కొలవండి

మొబైల్‌లో స్టాప్‌వాచ్ తెరవండి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, డెస్క్‌టాప్ వచ్చాక బ్రౌజర్ నొక్కి, ఒక పేజీ పూర్తిగా తెరుచుకునే దాకా ఎంతసేపు పట్టిందో చూడండి. కాగితం మీద తేదీతో సహా రాసుకోండి.

షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసి కొలవకండి. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటి ఉంటుంది. షట్‌డౌన్ అన్నా అది పూర్తిగా ఆగదు, లోపలి స్థితిని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. నిజంగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్ కొట్టినప్పుడే. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా నెలల తరబడి రీస్టార్ట్ చేయని ఇళ్లు చాలా ఉన్నాయి. వారానికోసారి రీస్టార్ట్ చేస్తే చిన్నాచితకా మొరాయింపులు వాటంతటవే పోతాయి.

బావగారి సిస్టమ్‌కు ఏడు నిమిషాలకు కాస్త తక్కువ పట్టింది. మధ్యలో టీ తాగి వచ్చాం.

2. జబ్బు ఎక్కడుందో పట్టుకోండి

రీస్టార్ట్ అయ్యాక పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటికి వెళ్లండి. ఇప్పుడు మీరు రోజూ వాడేవి తెరవండి: బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు, ఒక వర్డ్ ఫైలు. అంకెలు గమనించండి.

- డిస్క్ 100 శాతం దగ్గర అంటుకుపోయి, సీపీయూ (అంటే ప్రాసెసర్) మాత్రం 20, 30 దగ్గరే ఉంటే: దోషి హార్డ్‌డిస్క్. పాత కంప్యూటర్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే.
- మెమరీ 85 శాతం దాటి దిగకపోతే: ర్యామ్ చాలడం లేదు. ర్యామ్ నిండితే విండోస్ డిస్కునే ర్యామ్‌లా వాడుకుంటుంది కాబట్టి డిస్క్ కూడా 100కు చేరుతుంది. రెండూ కలిసి కనిపిస్తే రెండూ చాలడం లేదనే లెక్క.
- సీపీయూ ఏ పనీ లేకుండా 100 దగ్గర ఉంటే: ఏదో ప్రోగ్రామ్ తినేస్తోంది. ప్రాసెసెస్ జాబితాలో దాని పేరు పైనే కనిపిస్తుంది. వైరస్ కూడా కావచ్చు.
- సీపీయూ పనిలో ఉన్నా దాని స్పీడ్ 1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతే: వేడి ఎక్కువై ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు చార్జర్ కాకుండా వేరేది పెట్టినా ఇలాగే చేస్తాయి.

ఇదే స్క్రీన్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో, ర్యామ్ స్పీడ్ ఎంతో తెలుస్తుంది. మొబైల్‌తో ఫొటో తీసుకోండి, షాపులో పనికొస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత అబౌట్ దగ్గర 32 బిట్టా, 64 బిట్టా అనేది కూడా చూడండి. మామూలు ఇళ్లలో ఉండే 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు, అందులోనూ 3 జీబీ చిల్లరే చేతికొస్తుంది. దాని మీద 8 జీబీ వేయడం కారిపోయే కుండలో నీళ్లు పోయడమే.

3. దేన్నైనా ముట్టుకునే ముందు బ్యాకప్

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ దాని సొంత సైటు నుంచి దించుకుని తెరవండి. నీలం రంగులో గుడ్ అని వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అనో, ఎరుపులో బ్యాడ్ అనో వస్తే ఇక వేగం సంగతి పక్కన పెట్టి ముందు ఫైళ్లు కాపాడుకోండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు వరుసల్లో చివరి గడిలో ఉన్న సంఖ్య మొత్తం సున్నాలే కాకపోతే డిస్కు లోపల కొన్ని చోట్లు చెడిపోవడం మొదలైందని అర్థం. లోపల్నుంచి టిక్కు టిక్కు మని చప్పుడొస్తుంటే ఈ పరీక్ష కూడా వద్దు, వెంటనే కాపీ చేసుకోండి.

అందరూ ఫొటోలు గుర్తుపెట్టుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి:

☐ డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో పడున్న ఫైళ్లు (ఇవి సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్ చేస్తే పోతాయి)
☐ బ్రౌజర్ బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు
☐ ట్యాలీ డేటా ఫోల్డర్
☐ అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, అనూ ఇన్‌స్టాలర్
☐ ప్రింటర్, స్కానర్ డ్రైవర్లు (ఆ పరికరాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు)
☐ నెట్‌వర్క్ డ్రైవర్ (దీని సంగతి 7వ మెట్టులో)
☐ ఈమెయిల్ ప్రోగ్రామ్ వాడుతుంటే దాని ఫైలు

కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌నో, బయటి హార్డ్‌డిస్క్‌నో ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. నేను ఒకసారి ఈ పని చేయక, కాపీ సగంలో ఆగిపోయిన ఫోల్డర్‌ను నమ్ముకుని ఫార్మాట్ కొట్టాను. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు పోయాయి. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే ఆ మాట వస్తుంది.

4. రూపాయి ఖర్చు లేని పనులు

ఇవి ఒక సాయంత్రం పని. వీటితో అద్భుతాలు జరగవు గానీ, డబ్బు పెట్టే ముందు చేసి తీరాలి.

*స్టార్టప్:* టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే చోట, కంప్యూటర్ ఆన్ అవగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. యాంటీవైరస్, సౌండ్, టచ్‌ప్యాడ్ తాలూకువి వదిలేసి మిగతావి డిజేబుల్ చేయండి. డిజేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, మనం పిలిచినప్పుడే వస్తుంది.

*రెండు యాంటీవైరస్‌లు:* ఒక ఇంట్లో ఇద్దరు కాపలాదార్లు ఒకరినొకరు అనుమానించుకుంటున్నట్టు ఉంటుంది. గడువు తీరిన పెయిడ్ యాంటీవైరస్ ఉంటే తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలు.

*అక్కర్లేని ప్రోగ్రాములు:* సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా చూడండి. క్లీనర్, బూస్టర్, డ్రైవర్ అప్‌డేటర్, కూపన్, టూల్‌బార్ లాంటి పేర్లున్నవి ముందు పోవాలి. పేరు తెలియనిది కనిపిస్తే తీసేసే ముందు అదేమిటో నెట్‌లో వెతకండి.

*డిస్కులో చోటు:* సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటే విండోస్‌కు ఊపిరాడదు. కనీసం 15, 20 శాతం ఖాళీ ఉంచండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్కు ఉంటే తీసేసి మరీ క్లీన్ చేయండి. లేకపోతే మీ ఫైళ్లు కూడా ఊడ్చుకుపోతాయి.

*హంగులు:* స్టార్ట్ దగ్గర పెర్ఫార్మెన్స్ అని వెతికి, కిటికీల కదలికలు, నీడలు ఆపేయండి. "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" మాత్రం ఉంచండి. అది తీసేస్తే తెలుగు అక్షరాలు, ముఖ్యంగా ఒత్తులు, చదవలేనంత ముతకగా కనిపిస్తాయి.

*బ్రౌజర్:* ఎక్స్‌టెన్షన్లు రెండు మూడుకు తగ్గించండి. సెట్టింగ్స్‌లో క్రోమ్ అయితే మెమరీ సేవర్, ఎడ్జ్ అయితే స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేయండి. "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగిన ప్రతి సైటుకూ అలౌ కొట్టి ఉంటారు, ఆ జాబితా మొత్తం ఖాళీ చేయండి. కుడి పక్క మూల నుంచి వచ్చే "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది" బెదిరింపుల్లో చాలావాటికి మూలం అక్కడే.

యూట్యూబ్ ఆగి ఆగి వస్తుంటే నెట్‌ను తిట్టకముందు ఒక సంగతి. ఇప్పటి వీడియోలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో వస్తాయి. 4వ తరం ఇంటెల్ చిప్‌లో వాటిని విప్పే ప్రత్యేక భాగం పూర్తి స్థాయిలో లేదు, ఆ భారం చాలావరకు ప్రాసెసర్ మీదే పడుతుంది. నాణ్యత 480కి తగ్గించండి. లేదా పాత హెచ్264 పద్ధతిలోనే వీడియో అడిగే ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసుకోండి.

ఇవన్నీ చేశాక మళ్లీ స్టాప్‌వాచ్. బావగారిది ఏడు నుంచి ఐదు నిమిషాలకు వచ్చింది. బాగుపడింది గానీ, వాడబుద్ధేసేంత కాదు.

5. మూత తీసి దుమ్ము దులపండి

మన ఊళ్లలో కంప్యూటర్ రోడ్డు వైపు కిటికీ పక్కనో, మంచం కిందనో ఉంటుంది. ఎండాకాలంలో గది వేడే 38, 40 డిగ్రీలు. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము కంబళిలా పేరుకుపోతే ఆ వేడి బయటకు పోదు. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో చూస్తే, పనిలో ఉన్నప్పుడు 90 డిగ్రీలు దాటుతుంటే శుభ్రం చేయాల్సిందే.

☐ ప్లగ్గు పీకండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది
☐ వరండాలోకి తెచ్చుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి
☐ క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి పని మొదలుపెట్టండి (ఒంట్లో స్థిర విద్యుత్తు పోవడానికి)
☐ మెత్తటి పెయింటు బ్రష్, చేతి బ్లోయర్ చాలు. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని ఊదండి, గిర్రున తిరగనివ్వకండి
☐ తడిగుడ్డ వద్దు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డుకు తాకించొద్దు
☐ ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను (కంప్యూటర్‌కు కరెంటు అందించేది) బయట నుంచే ఊదండి. దాన్ని మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిల్వ ఉండొచ్చు

బల్లి గుడ్లు, కందిరీగ మట్టిగూడు కనిపిస్తే కంగారుపడకండి, మామూలే.

శుభ్రం చేసినా వేడి తగ్గకపోతే థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ కిందున్న లోహానికి చేరవేసే పూత) మార్చాలి. విప్పే ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపితే పాత పేస్టు మెత్తబడుతుంది. ఇంటెల్ ఫ్యాన్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. బాణం గుర్తు చూపిన వైపు తిప్పితే వదులవుతాయి. పాత పేస్టును కాగితంతో, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో చిన్న బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు నొక్కండి, నాలుగు సార్లు టక్కుమనాలి. ఒక కాలు సరిగ్గా దిగకపోయినా మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది.

మూత తీసినప్పుడే బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే అది అయిపోయినట్టే. తేదీ తప్పయితే బ్యాంకు సైట్లు, ఈమెయిల్ "సురక్షితం కాదు" అని తెరుచుకోవు. దాని నంబరు సీఆర్2032, వంద రూపాయల లోపే దొరుకుతుంది.

6. డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు: ఎస్‌ఎస్‌డీ

హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద సూది కదలాలి. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు అక్కడా ఇక్కడా వెతుక్కోవాలి. అలాంటి పని మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు వంద, రెండు వందల సార్లకు మించి చేయలేదు. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్ చేసే పనినే చిప్పులతో చేసే డ్రైవ్. అందులో కదిలేది ఏదీ లేదు కాబట్టి వేల సార్లు చేస్తుంది. మీకు కనిపించే తేడా అంతా ఇక్కడిదే.

కొనేటప్పుడు చూడాల్సినవి:

☐ 2.5 అంగుళాల సాటా రకం (సాటా అంటే డ్రైవ్‌ను బోర్డుకు కేబుల్‌తో కలిపే పద్ధతి). 4వ తరం బోర్డుల్లో సన్నటి ఎం.2 ఎన్‌వీఎంఈ రకానికి సాధారణంగా చోటుండదు. అడాప్టర్‌తో పెట్టినా దాని నుంచి విండోస్ బూట్ కాకపోవచ్చు, అంటే మొదలవకపోవచ్చు
☐ 240 లేదా 256 జీబీ. 120 జీబీ ఏడాదిలో నిండిపోతుంది, ఇంటికి 1 టీబీ అక్కర్లేదు
☐ మూడేళ్లకు తగ్గని వారంటీ, జీఎస్టీ బిల్లు, డబ్బా మీదా డ్రైవ్ మీదా ఒకే సీరియల్ నంబరు
☐ డెస్క్‌టాప్ అయితే ఒక సాటా డేటా కేబుల్ విడిగా అడగండి, చాలా డ్రైవ్‌లతో పాటు రాదు

"మాది పాత సాటా 2 పోర్టు, సెకనుకు 300 ఎంబీకి మించి రాదు, దండగ కదా" అని కొందరు అడుగుతారు. దండగ కాదు. పెద్ద ఫైలు కాపీ వేగం సగమవుతుందేమో గానీ, రోజువారీ వాడకంలో మీకు కావాల్సింది చిన్న ఫైళ్ల వేగం.

ధరలు రాయడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి, ఇవాళ రాసింది వచ్చే నెలకు పనికిరాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో రెండు మూడు షాపులు తిరిగి, ఆన్‌లైన్ ధరతో పోల్చి చూడండి. ఒక్కటి మాత్రం: పేరు తెలియని 2 టీబీ ఎస్‌ఎస్‌డీ పేరున్న 256 జీబీ ధరకే వస్తోందంటే అది మోసమే. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పెద్ద సైజు ఉన్నట్టు చూపిస్తారు. కొన్న ఏ డ్రైవ్‌నైనా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒకసారి నింపి పరీక్షిస్తే బండారం బయటపడుతుంది.

7. ఎస్‌ఎస్‌డీ బిగించి విండోస్ ఎక్కించడం

*కాపీయా, కొత్తగానా?* పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు క్లోన్ చేయొచ్చు. నేను మాత్రం కొత్తగా ఎక్కించమనే చెబుతాను. పదేళ్ల చెత్తను మోసుకుంటూ కొత్తింట్లోకి ఎందుకు? మళ్లీ దొరకని లైసెన్సు సాఫ్ట్‌వేర్ ఉంటేనే క్లోన్ చేయండి. ఎస్‌ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే దాంతోనే చేయడం తేలిక.

విండోస్ కీ గురించి భయపడకండి. అసలైన విండోస్ 10 అయితే దాని డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డును బట్టి గుర్తుంటుంది. డిస్కు మారితే పోదు. ఎక్కించేటప్పుడు కీ అడిగితే "నా దగ్గర కీ లేదు" అని చెప్పి, మునుపటి ఎడిషనే, హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో, ఎంచుకోండి.

వరుస ఇది:

1. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ సిద్ధం చేయండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

2. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేయండి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మన దగ్గర ఒకే డిస్కును సి, డి, ఇ అని మూడు ముక్కలు చేసి వాడతారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ ముక్కలన్నీ సి, డి అనే అక్షరాలు లేకుండా వరుసగా కనిపిస్తాయి. కంగారులో డి డ్రైవ్ ఫార్మాట్ చేసినవాళ్లు నాకు తెలుసు. పైగా పాతది తగిలించి ఉంటే బూట్ ఫైళ్లు దాంట్లోకి పోయి, తర్వాత అది తీసేసిన రోజున కంప్యూటర్ లేవదు.

3. ఎస్‌ఎస్‌డీకి సాటా డేటా, పవర్ తీగలు పెట్టండి. ఒకటో నంబరు పోర్టుకు తగిలిస్తే మంచిది. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో సాటా పవర్ తీగ ఖాళీ లేకపోతే డీవీడీ డ్రైవ్‌ది వాడుకోండి. పాత నాలుగు పిన్నుల తీగకు తగిలించే చవక కన్వర్టర్ల జోలికి పోకండి, అతుకు సరిగా లేక కాలిపోయినవి ఉన్నాయి. బ్రాకెట్ లేకపోతే ఒక వైపు రెండు స్క్రూలు బిగించినా చాలు, ఇందులో తిరిగేది ఏమీ లేదు.

4. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ బయోస్‌లోకి (విండోస్‌కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి. ఐడీఈ అని ఉంటే ఇప్పుడే మార్చండి. విండోస్ ఎక్కించిన తర్వాత మారిస్తే నీలం తెర వస్తుంది. క్లోన్ చేసేవాళ్లు మాత్రం దీన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేయండి.

5. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ముందున్నది ఎంచుకోండి. కస్టమ్ ఇన్‌స్టాల్, అక్కడ కనిపించే ఎస్‌ఎస్‌డీ, నెక్స్ట్.

6. కరెంటు పోయే వేళల్లో ఈ పని పెట్టుకోకండి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకోండి.

7. డెస్క్‌టాప్ వచ్చాక నెట్ రాలేదా? నెట్‌వర్క్ డ్రైవర్ లేదన్నమాట. నెట్ లేక డ్రైవర్ రాదు, డ్రైవర్ లేక నెట్ రాదు. మొబైల్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, మొబైల్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చేది) ఆన్ చేయండి. మిగతా డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ తనే తెచ్చుకుంటుంది.

8. అన్నీ సరిగా ఉన్నాయని రెండు రోజులు చూశాక, కంప్యూటర్ ఆపి పాత హార్డ్‌డిస్క్ మళ్లీ తగిలించండి. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటి బూట్‌గా పెట్టండి. పాత ఫైళ్లన్నీ అందులో అలాగే ఉంటాయి. ఫొటోలు, సినిమాలు దాచుకోవడానికి అది బాగానే పనికొస్తుంది, మూడో మెట్టులో నీలం రంగు వచ్చి ఉంటేనే సుమా.

ల్యాప్‌టాప్ అయితే కొన్ని తేడాలు. బ్యాటరీ ముందు తీయాలి, లోపలి బ్యాటరీ అయితే మూత తీయగానే దాని తీగ విడదీయాలి. స్క్రూలు ఏ చోటివి ఆ చోట కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి, పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే పైన కీబోర్డు పక్కన బొడిపె వస్తుంది. డీవీడీ డ్రైవ్ ఉంటే దాని చోట క్యాడీలో (డిస్కును పట్టి ఉంచే చట్రం) పాత హార్డ్‌డిస్క్ పెట్టొచ్చు. క్యాడీలు ఎక్కువగా 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి, కొలిచి కొనండి.

బావగారి సిస్టమ్ ఇప్పుడు రీస్టార్ట్ నుంచి బ్రౌజర్ దాకా నిమిషం లోపే. అదే ప్రాసెసర్, అదే 4 జీబీ.

8. ర్యామ్: చూసి కొనాల్సింది

ఎస్‌ఎస్‌డీ వేశాక వారం వాడి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఇంకా 85 దాటుతుంటేనే ర్యామ్ కొనండి. 4 నుంచి 8 జీబీ చేస్తే తేడా తెలుస్తుంది. 8 నుంచి 16 చేస్తే ఇంటి పనుల్లో పెద్దగా తెలియదు.

- డీడీఆర్2, 3, 4 అనేవి ర్యామ్ తరాలు. ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి వేరేచోట ఉంటుంది. బలవంతంగా నొక్కకండి.
- డెస్క్‌టాప్‌ది పొడుగు, ల్యాప్‌టాప్‌ది పొట్టి.
- 4వ తరం ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పనిచేయకపోవచ్చు.
- ఆన్‌లైన్‌లో బాగా చవగ్గా దొరికే కొన్ని డీడీఆర్3 ర్యామ్‌ల వివరాల్లో చిన్న అక్షరాలతో "ఏఎండీకి మాత్రమే" అని ఉంటుంది. ఇంటెల్ బోర్డు మీద అవి లేవవు.
- పాత ర్యామ్‌ను వెంట తీసుకెళ్లి, దాని స్టిక్కర్ చూపించి అలాంటిదే అడగండి. సెకండ్‌హ్యాండ్ ర్యామ్ కొనడానికి నేను వెనకాడను, వారం రోజులు మార్చి ఇస్తామంటే చాలు. సెకండ్‌హ్యాండ్ హార్డ్‌డిస్క్ మాత్రం వద్దు.

పెట్టాక బీప్ బీప్ మంటూ తెర రాకపోతే చాలామటుకు ర్యామ్ సరిగా కూర్చోలేదు. తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమనే దాకా నొక్కండి.

9. విండోస్ 10 గడువు సంగతి

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. ఇంటి వాడకానికి పొడిగింపు అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అని ప్రకటించారు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉంటేనే. దొడ్డిదారిన పాతవాటిలోనూ ఎక్కించొచ్చు గానీ అప్‌డేట్లకు హామీ లేదు. బ్యాంకు పనులు చేసే ఇంట్లో నేనైతే చేయను.

బ్రౌజర్, వీడియోలు, పిల్లల ప్రాజెక్టులు, ఉత్తరాలు టైపు చేయడం, ఇంతే మీ వాడకమైతే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ఉచితం. 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది, 4 ఉంటే హాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, డిస్కును ముట్టుకోదు. వైఫై, సౌండ్, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ పనిచేస్తున్నాయో అప్పుడే చూసుకోండి. యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది.

కానీ ఈ నాలుగింటిలో ఏది ఉన్నా ఆలోచించండి: అనూ ఫాంట్లతో డీటీపీ, ట్యాలీ, డిజిటల్ సంతకం డాంగిల్, కానన్ ఎల్‌బీపీ2900 ప్రింటర్. మొదటి రెండూ విండోస్ కోసం చేసినవి. డాంగిల్‌కు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ప్రతి జిరాక్స్ సెంటర్లోనూ కనిపించే ఆ ప్రింటర్‌ను లినక్స్‌లో పనిచేయించడం ఓపిక పరీక్ష.

10. మధ్యలో ఆగిపోతే

*"ఈ డిస్కు మీద విండోస్ ఎక్కించలేం, ఎంబీఆర్" లేదా "జీపీటీ" అని వచ్చింది.* పాత డిస్కు కేబుల్ తీసే ఉందని ఒకసారి చూసుకుని, అక్కడ కనిపించే ఎస్‌ఎస్‌డీ ముక్కలన్నీ డిలీట్ చేసి, ఖాళీ చోటు మీద నెక్స్ట్ కొట్టండి. అప్పటికీ అదే మాటంటే బూట్ మెనూకు వెళ్లి పెన్‌డ్రైవ్ రెండో పేరుతో మొదలుపెట్టండి.

*ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు.* పదిలో తొమ్మిదిసార్లు తీగే. కేబుల్ మార్చండి, వేరే పోర్టులో పెట్టండి. పాత కంప్యూటర్‌లో రెండో డ్రైవ్‌గా పెట్టినప్పుడు కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి ఇనిషియలైజ్ చేయాలి.

*ఎస్‌ఎస్‌డీ వేసినా స్లోగానే ఉంది.* బూట్ అవుతున్నది పాత విండోసే కావచ్చు. టాస్క్ మేనేజర్‌లో సి డ్రైవ్ ఉన్న డిస్కు పక్కన ఎస్‌ఎస్‌డీ అని ఉందా, హెచ్‌డీడీ అని ఉందా చూడండి.

*ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చడం) చేయాలా?* పాత డీఫ్రాగ్ ప్రోగ్రాములు వాడకండి. విండోస్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఆన్‌లో ఉంటే అది ఎస్‌ఎస్‌డీ అని గుర్తించి, దానికి తగిన పని అదే చేసుకుంటుంది.

11. డబ్బు పెట్టకూడని చోట్లు

ర్యామ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు. పెన్‌డ్రైవ్‌ను ర్యామ్‌లా వాడే రెడీబూస్ట్. గేములు ఆడని ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు. ఎవరో కోసి కుట్టిన "లైట్" విండోస్, దాంతో పాటు వచ్చే యాక్టివేటర్. ఈ చివరిది ఉచితమే గానీ, అందులో ఏం పెట్టారో మనకు కనపడదు. అదే కంప్యూటర్‌లో మన బ్యాంకు పాస్‌వర్డు కొడతాం.

కొన్ని యంత్రాలకు ఏదీ కొనకుండా ఆగిపోవాలి. కోర్ 2 డ్యుయో, డీడీఆర్2 ర్యామ్ ఉన్నవి. బోర్డు మీద స్తంభాల్లాంటి కెపాసిటర్ల నెత్తులు ఉబ్బినవి. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, ఎస్‌ఎమ్‌పీఎస్ మూడూ మార్చాల్సినవి. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే కార్పొరేట్ ఆఫీసులు వదిలేసిన 8వ తరం ఐ5 చిన్న డెస్క్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌లో వస్తుందేమో అడిగి చూడండి, అది విండోస్ 11ను కూడా అధికారికంగా నడుపుతుంది. అప్పటికే ఎస్‌ఎస్‌డీ కొనేసి ఉంటే బాధపడకండి, అది పీకి ఇందులో పెట్టుకోవచ్చు. పాత కంప్యూటర్ ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు హార్డ్‌డిస్క్ మాత్రం తీసి ఇంట్లో ఉంచుకోండి.